చెట్ల నీడన అడవి పూలు - నేను నేర్చుకున్న పాఠం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శి గారు "మీరు అమెరికా వెళ్ళి వచ్చారు కదా, అక్కడి విశేషాలు నాలుగు మాటలు చెప్పండి" అని ఆదేశించారు. అక్కడి రోడ్ల గురించి, దుకాణాల గురించి ఇదివరకే చాలామంది చెప్పారు. మీలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు కూడా. అందుచేత నేను మా అమ్మాయి ఇంటి వెనక చెట్ల కింద పూసే అడవి పూల గురించి చెబుతాను. అందులో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు ఉంది. దాన్ని దాచుకోకుండా చెబితే ఒకరిద్దరికైనా ఉపయోగపడుతుందని నా ఆశ.

నేను ట్రెజరీ శాఖలో 34 ఏళ్ళు పనిచేసి 2006లో రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం పెన్షన్ సీటులోనే గడిచింది. లైఫ్ సర్టిఫికెట్ రాకపోతే పెన్షన్ ఆపేసేవాళ్ళం. మనిషి ఎదురుగా నిలబడి "బాబూ, నేను బతికే ఉన్నాను" అన్నా, "కాగితం ఏదండీ?" అని అడిగినవాణ్ణి నేను. ఈ మాట ఇప్పుడెందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి వాళ్ళు పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి ఉత్తరాన ఉన్న బక్స్ కౌంటీలో ఉంటారు. ఇంటి వెనక కొంత ఖాళీ స్థలం, అందులో పాతకాలపు ఓక్, మేపుల్, బీచ్ చెట్లు. ఎండాకాలంలో అక్కడ నిలబడితే మన మామిడితోటలో నిలబడ్డట్టే ఉంటుంది. నేల మీద ఎండ పొడ పడదు. అలాంటి చోట ఏం పెరుగుతుంది అనుకుంటాం. కాని ఆ చెట్ల కిందనే పుట్టి, ఆ చెట్ల కిందనే పెరగడానికి అలవాటుపడిన అడవి పూల మొక్కలు ఆ దేశంలో చాలా ఉన్నాయి.

వాటి కిటుకు ఏమిటంటే, మన నల్లమలలో చెట్లు ఎండకు ఓర్వలేక ఆకు రాలుస్తాయి. అక్కడి చెట్లు చలికి ఓర్వలేక రాలుస్తాయి. మార్చి నెలాఖరుకు మంచు కరిగి నేల కాస్త వెచ్చబడుతుంది. చెట్లకు పూర్తిగా ఆకు వచ్చేసరికి మే నెల సగం అవుతుంది. ఈ మధ్యనున్న ఆరేడు వారాలే మోడు కొమ్మల సందుల్లోంచి ఎండ నేలకు దిగుతుంది. ఈ చిన్న మొక్కలు ఆ గడువులోనే మొలకెత్తి, ఆకు వేసి, పూసి, విత్తనం కట్టి, ఏడాదికి సరిపడా ఆహారాన్ని దుంపలో దాచుకుంటాయి. పైన చెట్లు గొడుగు పట్టేసరికి చాలా మొక్కల ఆకులు పసుపుబారి, ఎండి, మాయమైపోతాయి. జులై, ఆగస్టు నెలల్లో చూస్తే అక్కడ మొక్క ఉండేదన్న ఆనవాలు కూడా ఉండదు. దుంప మాత్రం లోపల నిద్రపోతూ ఉంటుంది. 

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. పసుపు తోటలో ఆకు ఎండిపోతే పంట చచ్చిపోయిందని ఏ రైతూ అనుకోడు. కంద అంతే. అడవిలో నాభి కూడా అంతే, తొలకరికి లేచి తీగ సాగి, వానలు పోయాక పైన ఎండిపోయి దుంపగా మిగులుతుంది. మన దుంపలు ఎండకు దాక్కుంటాయి, వాళ్ళ దుంపలు నీడకు దాక్కుంటాయి. తేడా అంతే. ఇంత తెలిసినవాణ్ణి అక్కడికి వెళ్ళి ఏం చేశానో వినండి.

2017 సెప్టెంబరులో నేనూ మా శ్రీమతీ మొదటిసారి అమెరికా వెళ్ళాం. అక్టోబరులో మా అమ్మాయి ఒక నర్సరీ నుంచి దుంపలు తెప్పించింది. 12 బ్లడ్ రూట్ దుంపలు, 10 వర్జీనియా బ్లూబెల్స్ దుంపలు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక ఆదివారమంతా ఆ చెట్ల కింద కూర్చుని నాటారు. నేను లోపల కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. ఆ పని వైపు కన్నెత్తి చూడలేదు. మా ఆవిడ చేతులు కడుక్కుంటూ "అది అచ్చం పసుపు కొమ్ములా ఉందండీ, విరిస్తే కుంకుమ రంగు రసం కారుతోంది" అంది. నేను "ఊఁ" అన్నాను. అంతే.

2018 మార్చి మొదటి వారంలో తిరిగి వచ్చేశాం. పూలు పూసింది ఏప్రిల్‌లో. అమ్మాయి ఫోనులో ఫోటోలు పంపింది. మా ఆవిడ వాటిని వీధిలో అందరికీ చూపించింది. ఆ ఏడాది ఆగస్టులో ఆవిడ కాలం చేసింది.

2019 జులై నెలాఖరున నేను ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేవాణ్ణి. పనిచేసిన ఒళ్ళు ఊరుకోదు కదా. ఇంటి వెనక చెట్ల కింద చూస్తే పాత ఆకులు మందంగా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో పసుపుబారిన ఆకులు ఒకటి రెండు తప్ప ఏ మొక్కా లేదు. పిల్లలకు తీరిక లేక వదిలేశారు కాబోలు, నేను బాగుచేసి తోటకూర, మెంతికూర వేద్దామనుకున్నాను. మన అలవాటు ఏమిటి? ఆకు కనబడితే ఊడ్చెయ్యడమే. రెండు రోజులు ఆకులన్నీ ఊడ్చాను. మూడో రోజు నేలంతా తవ్వాను. తవ్వుతుంటే వేళ్ళలాంటివి, ముల్లంగి ముక్కల్లాంటివి తగిలాయి. ఏవో పనికిరాని చెట్ల వేళ్ళనుకుని తీసి చెత్త కుప్పలో వేశాను. ఒకటి పార తగిలి విరిగితే ఎర్రటి రసం వచ్చింది. చెయ్యి కడుక్కున్నాను. ఒకప్పుడు ఇదే చోట ఇంకొకరు చెయ్యి కడుక్కుంటూ చెప్పిన మాట నాకు జ్ఞాపకం రాలేదు.

సాయంత్రం అమ్మాయి వచ్చి చూసింది. ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. రాత్రి భోజనాల దగ్గర అల్లుడు నెమ్మదిగా "మామయ్యగారూ, అవి అత్తయ్యగారు నాటినవండీ" అన్నాడు.

నాకు ముద్ద దిగలేదు. ఆ దుంపలకు పైన ఆకు లేదు, పువ్వు లేదు. బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకోలేకపోయాయి. కాగితం లేకపోయేసరికి నేను నా పాత సీటులో కూర్చున్నవాడిలాగే కొట్టేశాను.

మర్నాడు తెల్లవారుతూనే ఆ చెత్త కుప్ప అంతా చేతులతో వెతికాను. దొరికిన ముక్కల్ని ఏరి, పక్కింటి పెద్దావిడ దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, వయసులో నాకంటే 9 ఏళ్ళు పెద్ద. ఆవిడ ముక్కలన్నీ చూసి, గట్టిగా ఉన్నవి ఒక పక్క, మెత్తబడినవి ఒక పక్క పెట్టింది. మొగ్గ ఉన్న ముక్క ఏదైనా బతకవచ్చునని చెప్పింది. బ్లడ్ రూట్ కొమ్మును అడ్డంగా పడుకోబెట్టి అంగుళం లోతున, బ్లూబెల్ దుంపను మొగ్గ పైకి ఉండేలా అంతే లోతున పెట్టమంది. ఊడ్చిన ఆకుల్ని తెచ్చి మళ్ళీ పైన పరిచేయమంది. అదే ఆ నేలకు ఎరువు, అదే దుప్పటి అంది. ఆవిడ చెప్పినట్టే చేసి, 2020 జనవరిలో ఇండియా వచ్చేశాను.

ఆ తర్వాత లోకమంతా తలుపులు మూసుకున్న సంగతి మీకు తెలిసిందే. 2020 ఏప్రిల్‌లో నేను మన ఊళ్ళో లాక్‌డౌన్‌లో ఉండగా అమ్మాయి వీడియోలో చూపించింది. 12 బ్లడ్ రూట్ మొక్కల్లో 4, 10 బ్లూబెల్స్‌లో 3 లేచాయి. "నాన్నా, చూడు" అని మాత్రం అంది.

నేను నా కళ్ళతో ఆ వసంతాన్ని చూసింది 2022లో. మార్చి మధ్యలో వెళ్ళాను. నెలాఖరుకు ఎండుటాకుల్లోంచి మొదట బ్లడ్ రూట్ వచ్చింది. చలికి శాలువా కప్పుకున్న పిల్లవాడిలా, తన ఆకును తానే చుట్టుకుని మొగ్గ పైకి వస్తుంది. తెల్లటి పువ్వు. ఎండ ఉంటే విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది, రెండు మూడు రోజుల్లో రేకులు రాలిపోతాయి. ఏప్రిల్ మధ్యకు బ్లూబెల్స్. మొగ్గ గులాబి రంగు, విచ్చుకుంటే నీలం. ఆ పక్కనే పెద్దావిడ తోటలో ట్రౌట్ లిల్లీ. దాని ఆకు మీద చేప ఒంటి మీద ఉన్నట్టు మచ్చలు. ఒంటి ఆకు ఉన్న మొక్క పుయ్యదు, రెండు ఆకులు వేసే వయసు వచ్చాకే పూస్తుంది. జాక్ ఇన్ ద పల్పిట్ అని ఇంకొకటి. దాన్ని చూపించి ఆవిడ "దీని దుంప పచ్చిది నోట్లో పెట్టుకుంటే మంట పుడుతుంది, జాగ్రత్త" అంది. నేను నవ్వి, మాకు ఆ మంట తెలుసు, ఇది మా కందకూ చామకూ చుట్టమే అన్నాను. నిజంగానే అవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు.

అల్లుడు ఒక ఆదివారం బౌమన్స్ హిల్ అనే అడవి పూల వనానికి తీసుకెళ్ళాడు. 1934లో ఏర్పాటు చేశారట. 134 ఎకరాలు. ఆ రాష్ట్రపు సొంత మొక్కలనే అక్కడ కాపాడతారు. అక్కడ తెల్ల ట్రిలియంలు చూశాను. మూడు ఆకులు, మూడు రేకులు, మన మారేడు దళం జ్ఞాపకం వచ్చింది. పూజకు ఒకటి కోద్దామని చెయ్యి చాచాను కూడా. అమ్మాయి చెయ్యి పట్టుకుంది. పువ్వుతో పాటు కింది ఆకులు కూడా ఊడి వస్తాయి, ఆ ఆకులు పోతే దుంపకు ఆ ఏడు తిండి ఉండదు అని చెప్పింది. 

ఈ ట్రిలియం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దీని విత్తనం మీద చిన్న కండలాంటి ముక్క ఉంటుంది. అది చీమలకు ఇష్టం. చీమలు విత్తనాన్ని పుట్టలోకి మోసుకుపోయి ఆ ముక్క తినేసి, విత్తనాన్ని పారేస్తాయి. అక్కడది మొలుస్తుంది. బ్లడ్ రూట్‌కూ ఇంతే. మన ఆడవాళ్ళు బియ్యప్పిండితో ముగ్గు వేసి చీమలకు తిండి పెట్టినట్టే, ఆ మొక్కలు చీమలకు తిండి పెట్టి పని చేయించుకుంటాయి. విత్తనం రాలిన మొదటి చలికాలం గడిచాక వేరు మాత్రం పుడుతుంది. రెండో చలికాలం గడిచాక గాని ఒక చిన్న ఆకు పైకి రాదు. ఆ తర్వాత ఏటేటా కొంచెం కొంచెం పెరిగి, పువ్వు పూసేసరికి ఏడేళ్ళు పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

2022 జులైలో పక్కింటి పెద్దావిడ తన తోటలో పండిన ట్రిలియం కాయ ఒకటి నా చేతిలో పెట్టింది. నేను మన పద్ధతిలో విత్తనాలు ఎండబెట్టి దాచబోయాను. వద్దంది. ఇవి ఎండితే చచ్చిపోతాయి, తడిగా ఉండగానే వెయ్యాలి అంది. నేను "నాకు 74 ఏళ్ళు. ఏడేళ్ళకు పూసేదాన్ని నేను వెయ్యడమెందుకు?" అన్నాను. ఆవిడ "నాకు 83. నేను నిన్ననే చల్లాను" అని తన పనిలో పడింది. ఇంక మాట్లాడటానికి నాకేముంది? వచ్చి మా బ్లడ్ రూట్ల పక్కన చల్లాను.

ఇక పిల్లల దగ్గరకు వెళ్ళేవాళ్ళకు ఉపయోగపడతాయని నేను తెలుసుకున్నవి వరసగా చెబుతాను.

ఒకటి. ఆకు రాల్చే చెట్ల కిందనే ఇవి వెయ్యాలి. ఏడాది పొడవునా ఆకు ఉండే చెట్ల కింద వసంతంలో ఎండ దిగదు కాబట్టి సరిగా పుయ్యవు.

రెండు. రాలిన ఆకు ఊడ్చి పారెయ్యవద్దు. రెండు మూడు అంగుళాల మందాన ఉండనివ్వండి. మరీ పెద్ద ఓక్ ఆకులైతే ముక్కలు చేసి పరవండి. అదే కుళ్ళి మెత్తటి మట్టి అవుతుంది.

మూడు. నాటడానికి మంచి అదను చలికాలం ముందు, అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలు. ట్రిలియం దుంప మూడు నాలుగు అంగుళాల లోతున పెట్టాలి. మొదటి ఏడాది నేల పూర్తిగా ఎండిపోకుండా చూసుకోవాలి, నీళ్ళు నిలవకుండానూ చూసుకోవాలి.

నాలుగు. పూలు అయిపోయాక ఆకు పసుపుబారేదాకా కొయ్యవద్దు. వచ్చే ఏటి పువ్వు ఆ ఆకు సంపాదనే.

అయిదు. అడవిలోంచి తవ్వి తేవద్దు. నర్సరీలోనే పెంచిన మొక్కలేనా అని అడిగి కొనండి. అడవిలోంచి పీకి అమ్మేవాళ్ళు ఉన్నారు.

ఆరు. అక్కడ జింకలు ఇళ్ళ మధ్యకే వస్తాయి. వాటికి ట్రిలియం అంటే ప్రాణం. ఒకసారి పైభాగం తినేస్తే ఆ ఏడు మళ్ళీ చిగురించదు. చుట్టూ వల కంచె కట్టుకోవాలి.

ఏడు. ఎరుపు రసం చూసి ఎవరూ నాటు వైద్యం మొదలుపెట్టకండి. బ్లడ్ రూట్ రసం విషం, చర్మాన్ని తినేస్తుంది. అక్కడి ఆదివాసులు పూర్వం దాన్ని రంగుగా వాడేవారు.

ఎనిమిది. ఇది అన్నిటికంటే ముఖ్యం. దుంప నిద్రపోయే చోట గుర్తు పెట్టండి. పక్కన ఫెర్న్ మొక్కలు వేస్తే వేసవిలో ఆ చోటు బోసిగా కనబడదు, నాలాంటివాడు పార పట్టుకురాడు.

గుర్తు అన్నాను కదా, ఆ పని నేనే చేశాను. తిరిగి వచ్చే ముందు, 2022 సెప్టెంబరులో, చెక్క పుల్లలు చెక్కి ప్రతి దుంప దగ్గరా ఒకటి పాతాను. ఒక పక్క ఇంగ్లీషులో మొక్క పేరు, నాటిన సంవత్సరం. రెండో పక్క తెలుగులో, మన ఆఫీసు భాషలో, "సజీవముగా ఉన్నట్లు ధృవీకరించడమైనది" అని రాసి కింద పొట్టి సంతకం పెట్టాను. అమ్మాయి ఒక్కొక్క పుల్లా తిప్పి చదువుతూ వచ్చింది. నాలుగో బ్లడ్ రూట్ దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వులోనే కళ్ళనీళ్ళు వచ్చాయి. "అమ్మ ఉంటే, గజిటెడ్ స్టాంపు ఏదీ అని అడిగేది నాన్నా" అంది. 2019 తర్వాత ఆ చెట్ల కింద మేమిద్దరం ఆవిడ గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

2024 ఏప్రిల్‌లో అమ్మాయి ఒక ఫోటో పంపింది. ట్రిలియం విత్తనాలు మొలిచాయి. చిటికెన వేలి గోరంత వెడల్పున సన్నటి ఆకులు, లెక్కపెడితే 9. లెక్క ప్రకారం అవి పూసేసరికి 2029 దాటుతుంది. అప్పటికి నాకు 81. చూస్తానా లేదా అన్నది నా చేతిలో లేదు. మా ఆవిడ తను నాటినవి ఫోటోలో చూసి అంత సంతోషించింది. నాకూ ఆ పాటి చాలు.

మిత్రులారా, మనల్ని విశ్రాంత ఉద్యోగులంటారు. విశ్రాంతిలో ఉన్నదాన్ని అయిపోయిందనుకోవడం నేను చేసిన తప్పు. పిల్లల ఇంటికి వెళ్ళినప్పుడు ఖాళీగా కనబడిన చోటల్లా బాగుచెయ్యబోకండి. ముందు అడగండి, "ఇక్కడ ఏమైనా ఉందా అమ్మా?" అని. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నాకు మూడేళ్ళ బాధ తప్పేది.

లైఫ్ సర్టిఫికెట్లు మాత్రం గడువులోగా ఇవ్వడం మరిచిపోకండి. సెలవు. నమస్కారం.